గార్మా యుత్సవము: గీతమునకుఁ బ్రమాణము

ఆస్ట్రేలియా యుత్తరభాగమునఁ, గార్పెంటారియా సింధుశాఖకుఁ బడమటి తీరమున, ఆర్నెమ్ ల్యాండను ప్రదేశము కలదు. అందలి గుల్కులా యను వనస్థలియందుఁ దమ పూర్వపురుషుఁడగు గంబులబుల ‘యిదాకి’ యను సుషిరవాద్యమును వెలయించెనని గుమాజ్ వంశీయుల నమ్మిక. చెదలు తొలిచిన యూకలిప్టసు మ్రానే యావాద్యమునకు శరీరము. 1999లో మొదలైన గార్మా యుత్సవ మిచ్చటనే జరుగుచున్నది. గలర్రువుయ్ యునుపింగు, మండవుయ్ యునుపింగు అను సోదరులు దీనిని నెలకొల్పినవారిలోఁ బ్రముఖులు. సాయంకాలమున ‘బుంగుల్’ నృత్యము ప్రవర్తిల్లును. గాయకులు ‘బిల్మా’ యను తాళపుఁగఱ్ఱలను వాయించుచు ‘మనికాయ్’ గీతములను బాడుదురు.

అలంకారశాస్త్రదృష్టితో నీగీతములను జూచువారికి మొదటఁ బునరుక్తి గోచరించును. గాలి, మేఘము, తేనె, పక్షి, నీటిమడుగు, వీని పేళ్లే మరల మరల వినవచ్చును. వర్ణన మల్పము, కథ యంతకంటె నల్పము. అంతమాత్రమున దోషము నిర్ణయించుట తొందరపాటగును. ఇందలి నామోచ్చారణము వర్ణనమునకు సాధనము కాదు, స్వామ్యమునకు నిదర్శనము. ఏవంశమువా రేస్థలమునకుఁ గర్తలో, వారే తత్స్థలగీతమునకును గర్తలు. అధికారము లేనివాఁడు పాడినచో గళమెంత మధురమైనను నది దోషమే. కావున నిచ్చటి పునరుక్తి పొలిమేరరాళ్ల వరుసవంటిది. ఒకటి తీసివేసినచో హద్దు చెడును.

ఇది యుపమానమాత్రము కాదు. బాక్సైటు గనులకై తమ నేలను వేఱుపఱచుటను నిరసించి 1963లో యిర్కాలావాసులు చెట్టుపట్టలపైఁ జిత్రములు రచించి, వానినడుమ విన్నపములను జేర్చి పార్లమెంటునకుఁ బంపిరి. 1971లో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ వారికి సూక్ష్మమైన ధర్మవ్యవస్థ కలదని యొప్పుకొనియు, దానివలన భూస్వామ్యము సిద్ధింపదని తీర్పు చెప్పెను. ఆదిమజాతుల భూస్వామ్యమును న్యాయశాస్త్ర మంగీకరించుటకు 1992 నాఁటి మాబో తీర్పువఱకు వేచియుండవలసివచ్చెను. వ్యవస్థను మెచ్చుకొని హక్కును నిరాకరించుట, గీతమును మెచ్చుకొని యర్థమును విడుచుటవంటిదే.

ఇట్టి గీతములను దూరదేశపు టతిథులయెదుటఁ బాడుట యుచితమా యని యాక్షేపింపవచ్చును. గార్మా శబ్దమే దీనికిఁ గొంత సమాధానము. రహస్యక్రియలకు భిన్నమై యందఱును జూడఁదగిన క్రియకు యోల్ంగుజాతివారిలో నాపేరు చెల్లును. దాఁపఁదగినది దాఁపఁబడియే యున్నది, చూపఁదగినదే చూపఁబడుచున్నది. లోప మున్నచో నది శ్రోతలయందే కలదు. ఆదిమజాతుల వాణికి రాజ్యాంగమునఁ జోటు కల్పించు సవరణపాఠమును 2022లో ప్రధానమంత్రి ఆల్బనీజు ఈయుత్సవమునందే ప్రకటించెను. 2023 ఏప్రిల్‌లో గలర్రువుయ్ గతించెను. ఆయేఁడే అక్టోబరు 14వ తేదీని దేశప్రజలు సవరణమును దిరస్కరించిరి.

కావున నీయుత్సవముయొక్క గుణమును జూపఱుల సంఖ్యచేతఁ గాని, రాగమాధుర్యముచేతఁ గాని నిర్ణయింపరాదు. గీతము శ్రోతకు వినికి నిచ్చును గాని యధికారము నియ్యదు. ఆనేల యెవరిదో యెఱిఁగి వినువాఁడే యీకావ్యమునకు సహృదయుఁడు.