కటకాకార గెలాక్సీకి పటంలో చోటు

ఎడ్విన్ హబుల్ 1936లో ప్రచురించిన గ్రంథంలో గెలాక్సీలను శ్రుతిదండం ఆకారంలో అమర్చినాడు. పిడిమీద దీర్ఘవృత్తాకారాలు, రెండు కొమ్మలమీద సర్పిలాలు, అవి కలిసేచోట కటకాకారాలు. అప్పటికి ఈ చివరి తరగతి చాలవరకు ఊహయే. మసూరగింజను పక్కనుండి చూచినట్లుండే ఈ గెలాక్సీలకు సర్పిలాలకున్నట్టి బిళ్ల ఉన్నది, చేతులు లేవు. కొత్త నక్షత్రాలకు ముడిసరుకైన చల్లని వాయువు బహు స్వల్పం.

పటం సొగసైనదే. కాని అది రూపాన్ని చూపునే గాని కారణం చెప్పదు. కమాన్‌పూర్ ప్రాంతంలో ఆగిపోయిన బొగ్గుబాయి ఉంటే, బొగ్గు అయిపోయినదో, నీరు చేరినదో పైనుండి చూచి ఎవరు చెప్పగలరు?

అదే ఊరికి చైత్రమాసపు రాత్రి నడినెత్తిన కనిపించే సింహరాశిలో ఎన్.జి.సి. 3384 అనే కటకాకార గెలాక్సీ ఉన్నది. దూరం సుమారు మూడున్నర కోట్ల కాంతిసంవత్సరాలు. ఎం 96 పేరిట పిలిచే గెలాక్సీల గుంపులో, దీర్ఘవృత్తాకారపు ఎం 105 దానికి పక్కింటిది. ఈ రెంటిచుట్టూ, ఆరు లక్షల కాంతిసంవత్సరాల వెడల్పున, హైడ్రోజన్ వలయం 1983లో రేడియో పరిశీలనలో బయటపడినది. లోపల కరువైన వాయువు వెలుపల కాపు కాస్తున్నదన్నమాట! నూరు కోట్ల ఏండ్లకు పూర్వం ఈ గెలాక్సీ ఎం 96తో ఢీకొనగా వలయం ఏర్పడినదని 2010లో కంప్యూటర్ గణనలు సూచించినవి. వలయంలో భారమూలకాలు మెండుగా ఉన్నవని 2021లో తేలడం, ఆ వాయువు ఒకప్పుడు గెలాక్సీలోనిదే అన్న మాటకు బలమిచ్చినది.

సిడ్నీ వాన్ డెన్ బెర్గ్ 1976లో కటకాకారాలను కూడలినుండి తప్పించి, సర్పిలాలకు సమాంతరంగా వేరు వరుసలో నిలిపినాడు. మేలైన దిద్దుబాటే. అయినా ఆ వరుసలో 3384 పక్కన ఎం 96 లేదు.