వార్డుకొకటా, బస్తీకొకటా?

2013లో కేంద్రం పట్టణ ఆరోగ్య మిషన్ మొదలుపెట్టినప్పుడు 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని లెక్కగట్టింది. నగరాల్లో ఆ లెక్క నిలవలేదు. జ్వరమొచ్చిన కూలీ అంత దూరం పోడు, మందుల షాపులో రెండు మాత్రలడిగి పనిలోకి పోతాడు. అందుకే ఢిల్లీ మొహల్లా క్లినిక్‌ల తర్వాత 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు వచ్చాయి. బెంగళూరు తన నమ్మ క్లినిక్‌లను 2023 ఫిబ్రవరిలో తెరిచింది. ఓపీ, పరీక్షలు, మందులు రెండుచోట్లా ఉచితమే.

తేడా ఎక్కడ పెట్టాలన్న దగ్గర మొదలైంది. బెంగళూరు వార్డుల పటం ముందేసుకుంది: 243 వార్డులు, 243 క్లినిక్‌లు. ఏ వార్డూ అలగదు, నిజమే. కానీ జయనగర్ లాంటి కలిగినవాళ్ల పేటకూ, రేకుల షెడ్లు కిక్కిరిసిన శివారుకూ వాటా ఒకటే. పైగా అక్కడి నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులోనే తీరిపోయింది. క్లినిక్‌లు తెరిచేనాటికి, డాక్టరు రావట్లేదని చెప్పుకోవడానికి ఏ వార్డులోనూ కార్పొరేటర్ లేడు. 2023లోనే వార్డుల సంఖ్యను 225కి మార్చారు. రోగమున్న చోటు మాత్రం మారలేదు. హైదరాబాద్ ఈ విషయంలో తెలివిగా పేదల వాడలనే ఎంచుకుంది, కమ్యూనిటీ హాళ్లలోనైనా సరే సర్దుకుంది. నా మొగ్గు దానివైపే.

పరీక్షల దగ్గరకొస్తే మొగ్గు మారుతుంది. బస్తీ దవాఖానాలో తీసిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పోతుంది, ఫలితం ఫోనుకు మెసేజ్‌గా వస్తుంది. థైరాయిడ్ లాంటి పరీక్షలూ అందుతాయి, అది చిన్న మేలేం కాదు. అయితే ఆ ఫోను చాలా ఇళ్లలో పనికెళ్లిన కొడుకు జేబులో ఉంటుంది. మెసేజ్ చదివించుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి రావాలంటే ఇంకో పూట కూలి పోయినట్టే. నమ్మ క్లినిక్‌లో చేసే పరీక్షలు తక్కువే, కానీ ల్యాబ్ టెక్నీషియన్ అక్కడే ఉండాలన్నది ఏర్పాటు. షుగరు ఎంతుందో ఆ పూటే తెలుస్తుంది, మాత్రలూ ఆ పూటే చేతికొస్తాయి. అనంతపురం నుంచో పాలమూరు నుంచో వచ్చి బెంగళూరు సర్జాపుర రోడ్డులో ఇటుకలు మోసే మనిషికి ఇదే మేలు.

వేళల్లో మాత్రం రెండూ ఒక తాను ముక్కలే. పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం ఆరులోపే మూసేలా మొదలుపెట్టారు. అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఆడవాళ్లు ఇల్లు చేరేసరికి తలుపుకు తాళం.

క్లినిక్ దాకా రాలేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లే పద్ధతీ ఒకటుంది. 1994లో కుటుంబ ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టిన బ్రెజిల్‌లో ఒక్కో బృందానికి మూడు, నాలుగు వేల మందిని అప్పజెబుతారు. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు తిరుగుతారు, మాత్రలు ఆపేసినవాళ్లెవరో కనుక్కుంటారు. మన నగరాల్లోనూ ఆశా కార్యకర్తలు తిరుగుతూనే ఉన్నారు, అయితే వాళ్ల పని ఎక్కువగా గర్భిణుల చుట్టూ, టీకాల చుట్టూ. క్లినిక్ పనితీరును రోజువారీ ఓపీతో కొలిచినంతకాలం వచ్చినవాళ్లే లెక్కకొస్తారు. బీపీ మాత్రలు రాయించుకుని మరుసటి నెల రానివాడి కోసం ఫోను చేసే పని బెంగళూరులోనైనా హైదరాబాద్‌లోనైనా ఎవరో ఒకరికి పేరుపెట్టి అప్పగించాలి. అతను అప్పటికే ఇంకో సైటుకు మారి ఉండొచ్చు, ఇంకో వార్డులో.