పటం ముందా, కథ ముందా? కల్పిత లోకాల పటాలు గీసే సాఫ్ట్‌వేర్‌పై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో పటం చేసే పనిని వివరించగలుగుతారు.
• పటాలు గీసే సాఫ్ట్‌వేర్ వల్ల కలిగే మేలును, దాని పరిమితులను బేరీజు వేయగలుగుతారు.
• కల్పిత లోకపు పటాన్ని అందంతో కాక, ఆటలో దాని ఉపయోగంతో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

విమర్శ అనగానే కావ్యమో, నవలో, సినిమానో మీకు గుర్తుకు వస్తుంది. కానీ మనం వాడే పనిముట్టును కూడా విమర్శకు పెట్టవచ్చు. పనిముట్టు పని సులువు చేయడంతోనే ఆగదు. ఏ పని చేయాలో కూడా కొంతవరకు అదే నిర్ణయిస్తుంది. ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల కోసం కల్పిత లోకాల పటాలు గీసే సాఫ్ట్‌వేర్‌ను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

ముందుగా ఆట సంగతి. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు గేమ్ మాస్టర్. ఆ లోకం ఎలా ఉంటుందో, అందులో ఎదురయ్యేవారు ఏం చేస్తారో చెప్పే బాధ్యత ఆ వ్యక్తిది. మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచికలు వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆట ప్రచారంలోకి వచ్చింది.

2. ఆటలో పటం చేసే పని

ఆ తొలి నియమాల ప్రకారం ఆట మొదలుపెట్టే ముందే గేమ్ మాస్టర్ భూగర్భ నేలమాళిగల పటాలను, కనీసం అర డజను అంతస్తుల మేరకు, గీసి పెట్టుకోవాలి. అందుకు గళ్ల కాగితం చాలు. ఆటగాళ్లకు ఆ పటం చూపించరు. గేమ్ మాస్టర్ నోటితో వర్ణిస్తుంటే, ఆటగాళ్లలో ఒకరు విన్నదాన్ని బట్టి తమ పటం తాము గీసుకుంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బల్ల మీద రెండు పటాలున్నాయి. ఒకటి తెలిసినవారిది, రెండోది తెలుసుకుంటున్నవారిది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే ఆట నడుస్తుంది. తలుపు వెనుక ఏముందో తెలియదు కాబట్టే తలుపు తెరవడం ఒక నిర్ణయం అవుతుంది. అందువల్ల ఆట పటం గోడకు తగిలించే బొమ్మ కాదు. నిర్ణయాలు పుట్టించే సాధనం. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మన విమర్శకు ఇదే కొలబద్ద.

3. స్టీవెన్‌సన్ పోగొట్టుకున్న పటం

పటం నుంచి కథ పుట్టడం రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల కంటే పాత విషయం. 1881 వేసవిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఆర్.ఎల్. స్టీవెన్‌సన్ తన సవతి కొడుకుతో కాలక్షేపం చేస్తూ ఒక ద్వీపం పటం గీసి, రంగులు వేశాడు. దాన్ని చూస్తూ ఉంటే ఆ అడవుల్లో మనుషులు మెదలసాగారు. అధ్యాయాల జాబితా సిద్ధమైంది. అదే 1883లో పుస్తకంగా వచ్చిన 'ట్రెజర్ ఐలాండ్'.

ప్రచురణకర్తలకు పంపిన ఆ పటం వారికి చేరనే లేదు. దాంతో స్టీవెన్‌సన్ పుస్తకమంతా తిరగేసి, స్థలాల ప్రస్తావనలన్నీ ఏరుకుని, వాటికి సరిపోయేటట్టు కొత్త పటం తయారుచేయవలసి వచ్చింది. తండ్రి కార్యాలయంలో ఆ పని చాలా శ్రద్ధగా జరిగింది. అయినా ఆ రెండో పటం తనకు ఎన్నడూ అసలు ద్వీపంగా అనిపించలేదని ఆయన 1894లో రాసిన వ్యాసంలో చెప్పుకున్నాడు.

రెండు పటాలకూ తేడా ఏమిటి? నైపుణ్యంలో రెండోదే మెరుగై ఉండవచ్చు. మొదటిది ప్రశ్నలు వేసింది. రెండోది అప్పటికే చెప్పిన జవాబులను నమోదు చేసింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మనచేత ఏ రకం పటం గీయిస్తోందో చూద్దాం.

4. సాఫ్ట్‌వేర్ చేసిన మేలు

1993లో బ్రిటన్‌కు చెందిన ప్రొఫాంటసీ సంస్థ కాంపెయిన్ కార్టోగ్రాఫర్‌ను విడుదల చేసింది. ఇంజనీర్లు నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ పద్ధతి మీద నిర్మించినది కనుక అది కొలతల్లో కచ్చితం, నేర్చుకోవడానికి కొంచెం కష్టం. తరువాత వచ్చినవాటిలో ఇంకార్నేట్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. వండర్‌డ్రాఫ్ట్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుని వాడాలి. అజ్‌గార్ ఫాంటసీ మ్యాప్ జనరేటర్ ఉచితం. అది ఒక్క నొక్కుతో ఖండాన్ని, నదులను, రాజ్యాలను, ఊళ్లను, వాటి పేర్లతో సహా పుట్టిస్తుంది.

వీటి మేలు చిన్నది కాదు. బొమ్మలు వేయడం రానివారు కూడా ఒక లోకాన్ని చూపగలుగుతున్నారు. లేయర్ల వల్ల రహస్యాలను ఒక పొరలో దాచి, ఆటగాళ్లకు ఇంకో పొర చూపవచ్చు. తప్పు గీస్తే కాగితం చించక్కరలేదు.

భూగోళ జ్ఞానం విషయంలోనూ సాయం ఉంది. చేత్తో గీసేవారు తరచూ చేసే పొరపాటు, నదిని దిగువకు పోయేకొద్దీ పాయలుగా చీల్చడం. వాస్తవంలో ఉపనదులు వచ్చి కలుస్తాయి. చీలిక ఎక్కువగా డెల్టా దగ్గరే. మన గోదావరి ధవళేశ్వరం దాటాకే గౌతమి, వసిష్ఠ పాయలుగా విడిపోవడం మీకు తెలిసిందే. నేల ఎత్తుపల్లాలను లెక్కకట్టి నీటిని పారించే జనరేటర్‌లో ఈ పొరపాటు అరుదు.

5. సాఫ్ట్‌వేర్ మనకు తెలియకుండా తీసుకునే నిర్ణయాలు

ఇక విమర్శలోకి వద్దాం. మూడు అంశాలను పరిశీలించండి.

మొదటిది గుర్తుల పెట్టె. సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే గుర్తులు చాలావరకు మధ్యయుగపు ఐరోపాను తలపిస్తాయి: మొనదేలిన కొండలు, చలిదేశపు చెట్లు, రాతి బురుజులు. మీరు చెరువు చుట్టూ అల్లుకున్న ఊళ్ల లోకాన్ని ఊహించారనుకోండి. చెరువుగట్టుకు, తూముకు, తాటితోపుకు అందులో గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు మీరు తెలియకుండానే కోటను పెడతారు. పెట్టెలో లేనిది లోకంలోకి రాదు. పటాలు నేలకు అద్దం పట్టే నిష్పాక్షిక చిత్రాలు కావని, అవి వదిలేసినవాటిని కూడా చదవాలని భూగోళ చరిత్రకారుడు జె.బి. హార్లే 1980లలో వాదించాడు. ఆయన చర్చించినవి నిజమైన దేశాల పటాలు. ఆ మాట కల్పిత పటాలకూ వర్తిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో సొంత గుర్తులు చేర్చుకునే వీలుంది. ఆ శ్రమ తీసుకుంటేనే ఆ లోకం మీది అవుతుంది.

రెండోది కారణం లేని ఫలితం. జనరేటర్ గీసిన సరిహద్దు చూడటానికి నమ్మదగినదిగా ఉంటుంది. కానీ అది రాజధాని నుంచి విస్తరణను లెక్కించి గీసిన గీత. అక్కడ యుద్ధం జరగలేదు, పెళ్లి సంబంధం కుదరలేదు, కరువు రాలేదు. ఆటగాడు 'ఈ ఊరు వాళ్ల చేతికి ఎలా వచ్చింది?' అని అడిగితే పటం దగ్గర జవాబు లేదు. నిజమైన నేల ఇలా ఉండదు. గోదావరి అరేబియా సముద్రానికి సుమారు 80 కి.మీ. దూరంలో పుట్టి, అటు పోకుండా 1465 కి.మీ. ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ వింతకు కారణం ఉంది: పడమటి కనుమల నుంచి పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం. ఆ కారణమే ఎన్నో ఊళ్ల చరిత్రను నిర్ణయించింది. వింత ఉండి దానికి కారణం కూడా ఉంటే కథ పుడుతుంది.

మూడోది నిండుదనం. సాఫ్ట్‌వేర్‌లో తీసిన పటం మొదటి రోజే పుస్తకంలో అచ్చయినట్టు కనిపిస్తుంది. ఖాళీ స్థలం లోపంగా తోచి, నింపాలనిపిస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు ప్రకారం నడిచిపోయే బృందం మామూలు వేగంతో రోజుకు 24 మైళ్లు, అంటే సుమారు 39 కి.మీ. వెళుతుంది. మీ ఖండం వెడల్పు 3000 మైళ్లయితే దాన్ని దాటడానికి 125 రోజులు కావాలి. వారానికొకసారి ఆడే బృందం అందులో ఒక మూల మాత్రమే చూస్తుంది. మిగిలిన వందలాది పేర్లు ఎవరి కోసం?

నష్టం శ్రమతో ఆగదు. నింపిన పటాన్ని వదులుకోవడానికి గేమ్ మాస్టర్‌కు మనసొప్పదు. తాను గీసిన చోట్లకు ఆటగాళ్లను నడిపించాలని చూస్తాడు. పటంలో ఉన్న ప్రతి చోటుకూ యాత్రికులు వెళ్లి తీరవలసిందేనని డయానా విన్ జోన్స్ 1996లో ఫాంటసీ లోకాలపై రాసిన వ్యంగ్య గ్రంథంలో ఎగతాళి చేసింది ఈ ధోరణినే. నవలలో అది వినోదం. ఆటలో అయితే ఎదుటివారి స్వేచ్ఛకు అడ్డు.

మన కాశీమజిలీ కథలను గుర్తుచేసుకోండి. అక్కడ దారి మజిలీలుగా సాగుతుంది; ఒక్కో మజిలీకి ఒక కథ. ఆటగాళ్ల అనుభవం కూడా అలాంటిదే. వారు లోకాన్ని ఆకాశం నుంచి చూడరు. ఒక్కొక్క మజిలీగా నడుస్తారు.

6. మూల్యాంకనం

కాబట్టి సాఫ్ట్‌వేర్ వద్దనడం మన తీర్పు కాదు. దాన్ని ఎప్పుడు తెరవాలన్నదే ప్రశ్న. మొదట పెన్సిలుతో ఒక ఊరు, దాని చుట్టూ రెండు మూడు రోజుల నడక దూరం గీయండి. ఒక వింత పెట్టి, దానికి కారణం ఆలోచించండి. ఆట సాగేకొద్దీ ఆటగాళ్లు కనుగొన్నదాన్ని సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకుంటూ పోండి. జనరేటర్ వాడితే అది ఇచ్చినదాన్ని జవాబుగా కాక ప్రశ్నగా తీసుకోండి: ఈ రెండు ఊళ్లు ఇంత దగ్గరగా ఎందుకున్నాయి?

ఏ పటాన్నైనా ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు:
• దీన్ని చూసిన ఆటగాడికి ఎంచుకోవడానికి కనీసం రెండు దారులున్నాయా?
• ఇందులో ఉన్న వింతకు కారణం చెప్పగలమా?
• ఆటలో నిండవలసిన ఖాళీ మిగిలి ఉందా?

7. సారాంశం

రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో పటం నిర్ణయాలు పుట్టించే సాధనం. సాఫ్ట్‌వేర్ పటరచనను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అదే సమయంలో గుర్తులను, సరిహద్దులను, నిండుదనాన్ని మన తరఫున తానే నిర్ణయిస్తోంది. స్టీవెన్‌సన్ మొదటి పటం ఆయనను ప్రశ్నించింది. మీ పటం కూడా మిమ్మల్ని ప్రశ్నించేలా చూసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గేమ్ మాస్టర్ పటానికి, ఆటగాళ్ల పటానికి ఉండే తేడా ఆటకు ఎలా ఉపకరిస్తుంది?
2. 'పెట్టెలో లేనిది లోకంలోకి రాదు' అనే మాటను సోదాహరణంగా చర్చించండి.
3. మీ ఊరిని, దాని చుట్టూ ఒక రోజు నడక దూరంలో ఉన్న ప్రదేశాలను కాగితం మీద గీయండి. కొత్తవారికి అందులో ఏ ప్రశ్నలు కలుగుతాయో అయిదు వాక్యాల్లో రాయండి.