తప్పిపోయిన బేరము

ఆంగ్లమున ‘ఫాల్ త్రూ’ అని ఒక చిన్న పలుకుబడి కలదు. పడుట, ఒకదానిగుండ అవతలికి పోవుట అను రెండర్థములను విడివిడిగా నెరిగినవాడు సైతము, ఆ రెండును కలసి పుట్టించిన మూడవ యర్థమును, అనగా ఖాయమైనదనుకొన్న ఏర్పాటు నెరవేరక మునుపే లేకుండ పోవుటను, ఊహించి తెలిసికొనజాలడు. ఇట్టి జంటపదములకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరును ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడైన హెన్రీ బ్రాడ్లీ సూచింపగా, లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన గ్రంథమున దానిని వాడెను.

పత్రికాలయమున తర్జుమా పనికి కుదిరిన తొలినాళ్లలో, ఒక మిల్లు విక్రయపు వార్తలో ఈ ‘ఫాల్ త్రూ’ తగులగా నేను ‘అమ్మకం పడిపోయింది’ అని వ్రాసితిని. మా పెద్ద ఉపసంపాదకులు ఎర్రసిరాతో ఆ మాటను కొట్టివైచి, “నాయనా, అమ్మకం పడిపోయిందంటే సరుకు కొనేవాళ్లు తగ్గారని. ఇక్కడ మిల్లు బేరమే జరగలేదు. మీ ఇంట్లో కుదిరిందనుకున్న సంబంధం ఆగిపోతే ఏమంటారు?” అని యడిగిరి. “తప్పిపోయిందంటామండీ” అంటిని. “మరి అదే రాయి” అనిరి.

నాటినుండి ఈ క్రియల తారతమ్యము నాకు నిత్యచింతనమైనది. పన్నిన యెత్తు పన్నినవాని మీదికే తిరిగి వచ్చినచో అది బెడిసికొట్టినది. సభలో తీర్మానమునకు వోట్లు చాలనిచో, న్యాయస్థానమున అభియోగము రుజువు కానిచో, అది వీగిపోయినది. చేతికి అందినట్లే యుండి దక్కనిది చేజారినది. వీనిలో నేదియు ‘ఫాల్ త్రూ’ కాదు. ఆంగ్లమునకు ‘త్రూ’ చేసిన మేలును మనకు ‘పోవు’ అను అనుబంధక్రియ చేయుచున్నది. తప్పుట వేరు, తప్పిపోవుట వేరు.

ఈ ఆంగ్ల పలుకుబడికి కర్త ఏర్పాటే గాని మనుష్యుడు కాడు. కర్మము లేదు గనుక కర్మణి ప్రయోగమును లేదు. మన ‘తప్పిపోయింది’ కూడ ఎవరినీ వ్రేలెత్తి చూపదు. ‘చెడగొట్టారు’ అని వ్రాసిన క్షణమున, మూలమున లేని దోషి యొకడు అనువాదమున వెలయును. ఆడపిల్ల తల్లి పొరుగింటి యామెతో “ఆ సంబంధం తప్పిపోయింది వదినా” అని ఊరకున్నప్పుడు, ఆ మాట ఇరుకుటుంబముల మర్యాదను కాపాడుచున్నది. మూలకర్త నింద మోపని చోట తానును మోపకుండుట అనువాదకుని ధర్మమని ఆ ఎర్రసిరా గీత నాకు నేర్పినది.