ముందు చేతికి, తర్వాతే నోటికి

మూడేళ్ల పిల్ల ముందు ఏనుగు బొమ్మా చీమ బొమ్మా పెట్టి "ఏది పెద్దది?" అని అడుగుతాం. చూపించగానే మురిసిపోతాం. ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది. తొమ్మిది సెంటీమీటర్ల దిమ్మెకీ పది సెంటీమీటర్ల దిమ్మెకీ తేడా పట్టాలంటే మాత్రం కంటికి చెయ్యి కూడా తోడు రావాలి.

మాంటిసోరి తరగతిలో పింక్ టవర్ ఉన్నది అందుకే. అందులో పది చెక్క ఘనాలుంటాయి. అన్నిటికన్నా చిన్నదాని అంచు 1 సెంటీమీటరు, పెద్దదాని అంచు 10. అన్నిటికీ ఒకే గులాబీ రంగు, ఒకే నునుపు. మారేది సైజు ఒక్కటే. బజారులో దొరికే రంగురంగుల బ్లాకులతో ఈ పని జరగదని నా గట్టి నమ్మకం. ఎర్రది అడుగున, పచ్చది పైన అని పిల్లలు రంగుల వరస గుర్తుపెట్టుకుంటారు. సైజు చూడాల్సిన అవసరమే పడదు.

పిల్లలు ఈ ఘనాలను అరలోంచి ఒక్కొక్కటిగా తెచ్చి చాప మీద పెట్టాలి. పదిసార్లు తిరగడం దేనికి, బుట్టలో పోసి ఇస్తే సరిపోదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఆ నడకలోనే ఉంది పాఠమంతా. పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకుని, పొట్టకు ఆనించుకుని వస్తారు. చివరిది రెండు వేళ్ల మధ్య ఇమిడిపోతుంది. పెద్దదాని చోటులో ఆ చిన్నవి వెయ్యి పడతాయి. ఆ లెక్క పిల్లకు తెలియదు, చేతులకు మాత్రం అందుతుంది.

టవర్‌ను ఒక మూలకు సమంగా పేర్చి చూడండి. రెండు పక్కల గోడలా నున్నగా ఉంటుంది, మిగతా రెండు పక్కలా మెట్లు ఏర్పడతాయి. ప్రతి మెట్టు వెడల్పూ సరిగ్గా ఒక సెంటీమీటరే. పైనున్న చిన్న ఘనాన్ని తీసి ఏ మెట్టు మీద పెట్టినా అమరుతుంది. ఈ సంగతి తనంతట తాను కనిపెట్టిన పిల్ల ముఖం చూడాలి!

సిలిండర్ల దిమ్మెలు ఇంకో రకం. పొడవాటి చెక్కలో పది గుంటలు, వాటిలో పిడి ఉన్న పది సిలిండర్లు. అలాంటివి నాలుగు దిమ్మెలు. ఒకదానిలో లావు మాత్రమే మారుతుంది, ఒకదానిలో ఎత్తు మాత్రమే. మిగిలిన రెంటిలో రెండూ మారతాయి. సన్నటిదాన్ని లావు గుంటలో వేస్తే వదులుగా దిగిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. చివరికి చేతిలో లావుది మిగులుతుంది, ఖాళీగా సన్న గుంట కనిపిస్తుంది. ఎంత నొక్కినా దూరదు. పిల్ల ఆగుతుంది, వరసంతా ఓసారి చూస్తుంది, ఒక్కొక్కటీ బయటికి తీసి మళ్లీ మొదలుపెడుతుంది. తప్పని చెప్పింది చెక్కే. ఆ పిడిని మూడు వేళ్లతో పట్టుకోవడమే రేపు పెన్సిలు పట్టుకోవడానికి సాధన కూడా.

ఈ పద్ధతికి ఆద్యురాలైన మరియా మాంటిసోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో, కూలీనాలీ చేసుకునేవాళ్ల పిల్లల కోసం తెరిచిన బడిలో ఇలాంటి సామగ్రితోనే పని చేయించారు. అంతకుముందు మానసిక వైకల్యం ఉన్న పిల్లలకు నేర్పడానికి సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుడు చేసిన కృషి ఆమెకు దారి చూపింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి, అడయారు దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

పేర్లు చెప్పడం చేతికి పని అయిన తర్వాతే. అదీ సెగాన్ చూపిన పద్ధతే. ముందు "ఇది పెద్దది, ఇది చిన్నది" అంటాం. కొంచెం ఆగి "పెద్దది ఏదీ, ఇవ్వు" అంటాం. చివర్లో ఒకటి చూపించి "ఇదేంటి?" అని అడుగుతాం. తడబడితే మందలించం, ఇంకో రోజు చూసుకుంటాం. చెయ్యి ఎరిగినదానికి పేరు చెబితే పిల్ల ఇట్టే అందుకుంటుంది.

టీచరుకు అన్నిటికన్నా కష్టం నోరు కట్టుకోవడం. టవర్ వంకరగా ఉంటే చెయ్యి లాగేస్తుంది, బాగా పేరిస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఆ రెండూ పిల్ల ధ్యాసను చెడగొట్టేవే.

ఈ సామగ్రి ఖరీదైనదే, ప్రతి ఇంటికీ అక్కర్లేదు. ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు డబ్బాల సెట్టు మీ వంటింట్లోనే ఉంటుంది. మూతలు తీసి, చాప పరిచి, పిల్ల ముందు పెట్టండి. ఒకసారి మెల్లగా చేసి చూపించండి. తర్వాత పక్కనే కూర్చోండి, పిల్ల తలెత్తి మిమ్మల్ని చూసేదాకా దయచేసి ఒక్క మాటా అనకండి.