రోకలి నిలబెట్టేవాళ్లు

2019 డిసెంబర్ 26న తెలుగునాట సూర్యుడు పాక్షికంగానే మరుగుపడ్డా, ఛానళ్లకు మాత్రం సంపూర్ణ గ్రహణమే. ఇలాంటప్పుడే పళ్లెంలో నీళ్లుపోసి రోకలి నిలబెట్టి, గ్రహణ మహిమ అంటుంటారు.

జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాల కార్యకర్తల పనితనం నాకు ఇక్కడే నచ్చుతుంది. స్టూడియోల్లో అరిచి గెలిచేదేముంది? వీళ్లు ఏ గ్రహణమూ లేని రోజు రోకలి పట్టుకుని బడికి వస్తారు. పొన్ను ఉన్న వైపు నేలకు ఆనించి, రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ సర్ది, మెల్లగా వదులుతారు. నిలబడుతుంది! అడుగు చదునుగా ఉండి, గరిమనాభి సరిగ్గా దానిపైకి వస్తే చాలు. అసలు నేర్పు ఆ తర్వాతే: రోకలిని పిల్లల చేతికిచ్చి తాము పక్కకు తప్పుకుంటారు.

“మరి నీళ్లెందుకు సార్?”

“పోసి ఒకసారి, పొయ్యకుండా ఒకసారి నిలబెట్టి చూడమ్మా.”