ఎవరోళ్ల బిడ్డవు?

ఇబ్రహీంపట్నం బస్టాండులో కాసేపు నిలబడితే తెలుస్తుంది, ఇక్కడి పలకరింపుల్లో సగం ప్రశ్నలే. “ఏడికి పోతున్నవ్?” “తిన్నవా?” “పాణం మంచిగుందా?” “ఎవరోళ్ల బిడ్డవు?” కొత్తవాళ్లకు ఇది అక్కరలేని ఆరా అనిపిస్తుంది. నేను మాత్రం వింటూ మైమరచిపోతాను. మన రోజువారీ మాటల్లో ఇంత నిండైన కళ నాకు మరొకటి కనబడదు.

సాగర్ రోడ్డు మీద హైదరాబాద్ వైపు పోయే బస్సు. నా ముందు సీట్లో కాళ్ల దగ్గర కూరగాయల సంచితో ఒక ముసలమ్మ, పక్కన ఇంజనీరింగ్ చదివే అమ్మాయి.

“ఏ ఊరు బిడ్డా?”

“తుంగతుర్తి, అవ్వా.”

“తుంగతుర్తా! మా మరిది బిడ్డను ఆ దిక్కే ఇచ్చినం. ఎవరోళ్ల బిడ్డవు?”

అమ్మాయి తండ్రి పేరు చెప్పింది, తాత పేరు చెప్పింది. ముసలమ్మ రెండు పేర్లనూ పెదవుల మీద ఒకసారి అనుకుని చూసింది. “నాకెరుక లేదు గానీ, మనుమరాలి వరసైతవ్ తియ్” అని తీర్పు చెప్పేసింది. ఆ తర్వాత హాస్టల్ల ఏం కూర పెడ్తరు, పండుగకు ఇంటికి పోయినవా అని అడిగి అడిగి, చివరికి గొంతు తగ్గించి, “అమ్మ యాదికొస్తదా?” అంది.

“పొద్దుగూకినంక వస్తది.”

ఈ ప్రశ్నే మొదట అడిగి ఉంటే ఆ పిల్ల ఫోనులోకి తల వంచుకునేది. పాటగాడు మంద్రంలో ఎంతో సేపు తిరిగి తిరిగి తారషడ్జాన్ని అందుకున్నట్టు, ఊరు, ఇల్లు, వరస, కూర అన్నీ దాటుకుంటూ వచ్చి ముసలమ్మ ఆ ఒక్క మాట అడిగే హక్కు సంపాదించుకుంది. ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో కావ్యానికి ఆత్మ అన్న ధ్వని నాకు ఇక్కడ వినిపించింది. “ఏ ఊరు?” అంటే పైకి ఒక స్థలం పేరు చెప్పమనే. లోపల వినబడేది, నీ మంచిచెడ్డలు అడగనిస్తావా అని. 14వ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్నీ రసంగా గుర్తించాడు. కన్నబిడ్డ మీద అది పుట్టడంలో వింతేముంది? ముక్కూ మొహం తెలియని పిల్ల మీద, వరస కల్పించుకుని మరీ పుట్టించడం గొప్ప.

ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మీదే ఇబ్రహీంపట్నానికి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఆయన 1550లో గోల్కొండ గద్దె ఎక్కకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. బస్సులో ముసలమ్మ చేసిందీ, సుల్తానుకు కవులు చేసిందీ నాకు ఒకే పనిగా కనిపిస్తాయి: పరాయి మనిషిని మనవాళ్లలో కలుపుకోవడం.

అయితే ఈ కళలో నన్ను కలచివేసే ప్రశ్న ఒకటుంది: “మీరేమోళ్లు?” అదే ఆప్యాయత, అదే గొంతు, ఒక్కోసారి అదే మనిషి. అడిగేది మాత్రం కులం. గది అద్దెకు వెతుక్కునే పిల్లలు జవాబు చెప్పాక, అప్పటిదాకా ఖాళీగా ఉన్న గది ఎవరికో ఇచ్చేసినట్టు అయిపోతుంది. ఇలా దారి తప్పిన రసాన్నే అలంకారశాస్త్రం రసాభాస అంటుంది. పిల్లలు లేని ఆడమనిషిని నలుగురిలో “ఇంకా ఏం లేదా?” అని అడగడమూ అలాంటిదే. ఆలంకారికుడు క్షేమేంద్రుడు రసానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. పలకరింపులో అది తప్పితే గాయమయ్యేది బతికున్న మనిషికి, అందుకే నేను దీన్ని క్షమించలేను.

ఔటర్ రింగు రోడ్డు వచ్చాక ఈ దిక్కున “గజం ఎంత?” అనే ప్రశ్న ఎక్కువైంది. అందులో నాకు ఏ రసమూ దొరకలేదు.

ప్రశ్న ఎంత అందమైనదైనా వినే సహృదయం లేకపోతే వృథా. అదృష్టవశాత్తూ ఆ రోజు ముసలమ్మకు అది దొరికింది. అమ్మాయి ఫోను బ్యాగులో పెట్టేసి, పూర్తిగా ఆమె వైపు తిరిగి, “నీకెంతమంది పిల్లలవ్వా?” అంది. మంగల్‌పల్లి దాటింది, బొంగుళూరు గేటు దాటింది. తుర్కయంజాల్ వచ్చేసరికి అవ్వ ఇంకా పెద్దకొడుకు పెండ్లిలో అలిగిన వియ్యంపురాలి దగ్గరే ఉంది.